లేని ఒత్తు

పిల్లలు రాకముందే పేర్లకి చుక్కలు పెట్టి ఉంచడం చిన్న టీచరు అలవాటు. కిటికీ పక్కన పొట్టి బల్ల ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుని, కాగితానికో పేరు చొప్పున, పెన్సిలు మొన ఆనించి, ఎత్తి, మళ్లీ ఆనించి అక్షరాలని చుక్కల్లో అల్లుతుంది. చుక్కలు మరీ దగ్గరైతే పిల్లలు దిద్దడానికి ఏమీ మిగలదు. మరీ దూరమైతే దారి తప్పి ఎటో పోతారు. మొదటి చుక్క మాత్రం ఎర్ర పెన్సిలుతో పెడుతుంది, అక్కణ్ణించి బయల్దేరమని.

పెద్ద టీచరుకి ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. "జిరాక్సు తీయించుకోరాదా తల్లీ. పొద్దున్నే నడుం పడిపోయేలా ఆ గిల్లుడేంటి?" అంటుంది.

"ఒక్కొక్కళ్ల చెయ్యి ఒక్కోచోట ఆగుతుందండీ. ఆగేచోట చుక్కలు దగ్గర చేస్తాను" అని ఒకసారి చెప్పి చూసింది చిన్న టీచరు. పెద్ద టీచరు అప్పటికే ఫోను చెవిలో పెట్టుకుంది.

పిల్లలొస్తే ఆ గది గదిలా ఉండదు. బొద్దోడు నాలుక బయటపెట్టి, నోటితో బండి చప్పుడు చేస్తూ దిద్దుతాడు. అక్షరం మలుపు తిరిగేచోట హారన్ కూడా కొడతాడు. వాడి పక్కనున్న పిల్ల కాగితం చిరిగేదాకా ఒకే సున్నని చుట్టి చుట్టి, "తిరిగొచ్చా టీచర్" అంటుంది. దిద్దడం అయిన కాగితాల్ని ఆయమ్మ గోడకి కట్టిన తాడుకి క్లిప్పులు పెట్టి తగిలిస్తుంది. ఎవరి పేరు వాళ్లు కింద నిలబడి చూసుకుంటారు.

కొత్తగా చేరిన పిల్ల మాత్రం చూసుకోదు. సన్నగా, బెదురుగా, ఎప్పుడూ గోడవారనే కూర్చుంటుంది. ఆయమ్మ మొదటిరోజే 'గువ్వ' అంది, అదే నిలిచిపోయింది. బళ్లో రాయించిన పేరు మూడక్షరాలు, ఒత్తులేమీ లేని తేలిక పేరు. గువ్వ దిద్దుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. గీత ఎక్కడా చుక్క మీంచి జారదు. అయిదేళ్ల చేతిలో అంత నిలకడ చిన్న టీచరు ఎప్పుడూ చూడలేదు.

ఆ సోమవారం పొద్దున్న ఆమె గువ్వ వెనక నిలబడి చూసింది. మొదటి అక్షరం అయింది. రెండోది అయింది. అక్కడ గువ్వ చెయ్యి క్షణం ఆగి, చుక్కలేమీ లేని తెల్లకాగితం మీద, ఆ అక్షరం కింద, చక్కగా ఒక ఒత్తు రాసింది. ఆ తర్వాతే మూడో అక్షరానికి పోయింది.

"ఇదేంటమ్మా ఇక్కడ రాశావు?"

గువ్వ వేళ్ల మధ్య సందు లేకుండా దగ్గరికి బిగించి, చేతిని ఒళ్లో దాచుకుంది.

"ఇక్కడ ఒత్తు లేదు కదా. చుక్కలు లేవు, చూడు. ఎందుకు పెట్టావు మరి?"

"ఒత్తుతారు" అంది గువ్వ, వినీ వినపడనట్టు.

చిన్న టీచరుకి నవ్వొచ్చింది. ఒత్తు పెడతారనడానికి ఒత్తుతారు అంటోంది కాబోలు. పిల్లల మాటలు అలాగే ఉంటాయి. బొద్దోడు సున్న పెట్టడాన్ని సున్నించడం అంటాడు. "ఒత్తరులే. తుడిచేసి మళ్లీ దిద్దు" అని రబ్బరు ఇచ్చింది. గువ్వ తుడిచింది, మళ్లీ దిద్దింది. మళ్లీ అక్కడే, అంతే చక్కగా, లేని ఒత్తు పెట్టింది.

మర్నాడు చిన్న టీచరు దాని కాగితం మీద రెండో అక్షరం కింద అడ్డంగా ఒక గీత గీసి ఉంచింది, చెయ్యి అటు పోకుండా. గువ్వ ఆ గీత కింద ఒత్తు పెట్టింది.

అప్పుడు ఆమెకి నవ్వు రాలేదు. చెయ్యి ఊరికే అలవాటు పడదు. ఏదో ఒక పేరుని రోజూ రాసీ రాసీ ఉంటేనే వేళ్లు అలా వాటంతట అవి పోతాయి. మధ్యాహ్నం మిగతా పిల్లలు నిద్రపోయాక ఆమె గువ్వకి పలక ఇచ్చి, "చుక్కలు లేకుండా నీ పేరు రాయి" అంది. గువ్వ తలుపు వంక చూసింది. టీచరు వంక చూసింది. తర్వాత బలపం కరకరలాడించకుండా గబగబా రాసేసింది.

రాసింది వేరే పేరు. మొదటి రెండక్షరాలు అవే, రెండోదానికి ఒత్తు, చివర వేరే అక్షరం.

"భలే రాశావే. ఎక్కడ నేర్చుకున్నావు?"

"గడియారం కొట్టేలోపల రాసెయ్యాలి."

"ఏ గడియారం?"

"పెద్దది. ఇంటి ఎదురుగా. ఎత్తుగా ఉంటది."

చిన్న టీచరు పలక తీసుకుని తుడిచేసింది. సాయంత్రం పిల్లలు బూట్లు తొడుక్కునే హడావుడిలో, గువ్వ అటు తిరిగి ఉన్నప్పుడు, ఆ రెండో పేరుతో మెల్లగా పిలిచింది. బడిపేరుతో మూడుసార్లు పిలిస్తేగానీ పలకని పిల్ల, ఠక్కున వెనక్కి తిరిగింది. తిరిగి, తప్పు చేసినదానిలా కిందికి చూసింది.

ఆ క్షణంనుంచి అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది.

గువ్వని తీసుకెళ్లడానికి వచ్చేది వాళ్లమ్మ. అమ్మ అని ఆమే చెప్పుకుంది. రెడీమేడ్ బట్టల కార్ఖానాలో గుండీలు కుడుతుందిట, చీరకెప్పుడూ రంగురంగుల దారప్పోగులు అంటుకుని ఉంటాయి. మిగతా తల్లులు ముందు గేటు దగ్గర చేరి కబుర్లు చెప్పుకుంటుంటే, ఈమె వెనక సందులోంచి వచ్చి, కుళాయి పక్క తలుపు దగ్గర నిలబడుతుంది. పిల్ల చెయ్యి పట్టుకోగానే సందులో ముందు అటూ ఇటూ చూసి, అప్పుడు అడుగు వేస్తుంది. చేర్చేటప్పుడు పిల్ల పుట్టిన కాగితాలు అడిగితే "ఊరు మారాం, సామాను ఇంకా రాలేదు, తెస్తాను" అంది. ఇప్పటికీ తేలేదు. బడి పిల్లలందరికీ ఫొటో తీసినరోజున గువ్వకి జ్వరమంది. మర్నాడు చెయ్యి పట్టుకు చూస్తే ఒళ్లు మంచులా చల్లగా ఉంది.

ఇవన్నీ అప్పుడు మామూలుగానే కనిపించాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ లేచి కూర్చుంది.

"ఆయమ్మా, గువ్వ వాళ్లమ్మ నీకెలా కనిపిస్తుంది?" అంది గిన్నెలు కడుగుతున్న ఆయమ్మ పక్కన చేరి.

ఆయమ్మకి అడగడమే ఆలస్యం. "ఎలా కనిపించడమేంటి టీచరమ్మా, దొంగసరుకు పట్టుకుపోతున్న మనిషిలా కనిపిస్తుంది. పలకరిస్తే చాలు, నేనేదో అప్పు అడిగినట్టు మొహం తిప్పుకుంటుంది. ఆ పిల్లకీ ఆమెకీ పోలికుందా అసలు? ముక్కు చూడు, చెవి చూడు. ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చిందంటే నేను నమ్ముతాను."

"ఊరికే అనకు అలాగ."

"నువ్వడిగావని అన్నాను. నాకేం పని" అని ఆయమ్మ గిన్నె బోర్లించింది. కాసేపటికి తనే, "దాని వేళ్లు చూశావా ఎప్పుడైనా? దువ్వెన పళ్లలా దగ్గరికి పెట్టుకునే ఉంటుంది. ఇంట్లో ఏదో జరుగుతోంది, నా మాట రాసిపెట్టుకో" అంది.

చిన్న టీచరు చూసింది. గీత కాస్త పక్కకి జరిగినా, రబ్బరు చేతికి తీసుకున్నా, గువ్వ ముందు ఆ వేళ్లు బిగించుకుంటుంది. ఆ తల్లి కొడుతుంది, అనుకుంది. ఆ ఆలోచన రాగానే గుండీలు కుట్టే ఆ చేతులు చాలా బలమైనవిగా తోచాయి.

బుధవారం సాయంత్రం అడిగేసింది. గువ్వ మెట్టు మీద కూర్చుని బూటు తొడుక్కుంటోంది.

"ఒక్క మాటండీ. పాప పలక మీద వేరే పేరు రాస్తోంది" అని ఆ పేరు చెప్పింది.

ఆ తల్లి మొహంలో రక్తం దిగిపోవడం చిన్న టీచరు కళ్లారా చూసింది. కానీ గొంతు మాత్రం తొణకలేదు. "అది మా అక్క కూతురి పేరండీ. ఇద్దరూ కలిసి దిద్దేవాళ్లు. దాని పేరూ దీనికి వచ్చేసింది."

"పిలిస్తే పలుకుతోంది కూడా."

"ఆడుకునేటప్పుడు పేర్లు మార్చుకునేవాళ్లు."

"మీ అక్కగారు ఏ ఊళ్లో ఉంటారు?"

"చాలా దూరం." ఆమె వంగి, పిల్ల బూటు తాడు సగం కట్టి, సగం అలాగే వదిలేసి, "పద" అని చెయ్యి పట్టుకుంది. సందు మలుపు దాకా వేలాడే తాడు తొక్కుకుంటూనే నడిచింది గువ్వ.

అంత తయారుగా ఉన్న జవాబు నిజం కాదని చిన్న టీచరుకి అనిపించింది. నిజమైతే కాస్త తడుముకుంటారు, నవ్వుతారు, "అయ్యో అలాగా" అంటారు. ఇంటికెళ్లి బట్టలు కూడా మార్చుకోకుండా స్నేహితురాలికి ఫోను చేసింది. ట్రైనింగులో ఒకే గదిలో ఉన్నారిద్దరూ. స్నేహితురాలు ఇప్పుడు పనిచేసే ఊళ్లో నడివీధిలో ఎత్తైన గడియారం ఉందని, దాని గంటలకి పాఠం ఆగిపోతుందని ఎన్నోసార్లు చెప్పింది. గడియారాలు ఎన్ని ఊళ్లలో లేవు అనుకుంటూనే ఆ రెండో పేరు చెప్పింది.

అవతల గొంతు ఒక్కసారి మారిపోయింది. "ఆ పిల్లా? నీకెలా తెలుసే? వాళ్ల నాన్న పాపం తిరగని చోటు లేదు. పెద్దమనిషి, ఎంత మర్యాదో. పెళ్లాం పిల్లని తీసుకుని చెప్పకుండా వెళ్లిపోయిందిట. మా బళ్లోకి వచ్చి ఏడ్చాడు కూడా." పలక మీద రాసిన సంగతి విన్నాక, "మీ బడి ఎక్కడో చెప్పనా ఆయనకి?" అంది.

చిన్న టీచరు కిటికీలోంచి చూసింది. ఎదురింటి డాబా మీద ఎవరో బట్టలు తీస్తున్నారు. ఎత్తుకొచ్చింది కాదు, తల్లే. అయినా అబద్ధమాడింది. అబద్ధమాడేవాళ్లు ఏదో దాస్తారు. పిల్ల వేళ్లు గుర్తొచ్చాయి.

"చెప్పు" అంది.

శుక్రవారం పెద్ద టీచరు మీటింగుకి వెళ్లింది. మధ్యాహ్నం పిల్లలందరూ వెనక గదిలో నిద్రపోతున్నారు. గువ్వ దుప్పటి తలదాకా కప్పుకుంటుంది రోజూ. బొద్దోడు ఒక్కడే నిద్రరాక, పెన్సిలు పట్టుకుని ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు వచ్చాడాయన.

ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. గుమ్మం బయటే చెప్పులు వదిలి, "లోపలికి రావచ్చా అండీ?" అని అడిగి మరీ వచ్చాడు. చేతిలో పిల్లలకోసమని రంగు పెన్సిళ్ల పెట్టెలు. జేబులోంచి ఫొటో తీసి రెండు చేతులతో అందించాడు. ఫొటోలో గువ్వ కాస్త బొద్దుగా ఉంది, కెమెరా వంక కాక పక్కకి ఎటో చూస్తోంది.

"మీ ఫ్రెండు చెప్పారు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు" అన్నాడు. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. చిన్న టీచరుకి గుండె తేలికపడినట్టయింది. తన అనుమానం వృథా పోలేదు. లోపలికి వెళ్లి పిల్లని లేపుదామని సగం లేచింది కూడా.

ఆయన తాడు మీది కాగితాలు చూస్తూ నడుస్తున్నాడు. "మీరు బాగా దిద్దిస్తున్నారండీ. నేనూ అంతే. మా పాపకి పేరు నేనే దిద్దించాను. రోజూ ఇంటికి రాగానే మొదటి పని అదే. ఎదురుగా గడియారం కొట్టేలోపల పేజీ నిండాలి. ఒక్క చుక్క పక్కకి పోతే మళ్లీ మొదటినుంచి." నవ్వాడు. "దాని పేరులో రెండో అక్షరానికి ఒత్తుందండీ. అదొక్కటీ మర్చిపోయేది. మర్చిపోకుండా చేశాను."

బొద్దోడు తన కాగితం ఎత్తి చూపించాడు ఆయనకి. ఎవరొచ్చినా చూపిస్తాడు వాడు. ఆయన గొంతుక్కూర్చుని, "ఏదీ, దిద్దు" అన్నాడు ముద్దుగా. బొద్దోడు బండి చప్పుడు మొదలెట్టి, మలుపు దగ్గర హారన్ కొట్టి, ఎప్పటిలాగే గీత దాటించేశాడు.

"అరెరె, దాటిపోయావే" అన్నాడు ఆయన. అంటూనే, అలవాటైన పనిలా, వాడి చేతిలోంచి పెన్సిలు తీసి, వాడి చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య దూర్చి, పైనుంచి తన వేళ్లతో మూసి ఒత్తాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. గట్టిగా కూడా కాదు. ఒక్క క్షణమే. బొద్దోడి చప్పుడు ఆగిపోయింది. వాడు ఏడవలేదు. ఏం జరిగిందో తెలియనట్టు తన వేళ్లని చూసుకున్నాడు.

"ఊరికే. ఇలా అయితే ఇంక దాటరండీ. ఒక్కసారి చాలు" అన్నాడు ఆయన లేస్తూ.

ఒత్తుతారు.

ఆ మాట చిన్న టీచరు చెవిలో ఇప్పుడు సరిగ్గా వినిపించింది. గువ్వ తప్పు మాట్లాడలేదు. తను అడిగిన ప్రశ్నకి అయిదేళ్ల పిల్ల ఉన్నదున్నట్టు జవాబు చెప్పింది. తను నవ్వింది. నవ్వి, ఒత్తరులే అంది.

ఆమె ఫొటోని మళ్లీ చూస్తున్నట్టు నటించింది.  "ఈ పాప కాదండీ" అంది.

"కాదా?"

"పేరు కలిసింది. మా దగ్గర ఉన్న పాప వేరు. కాస్త పెద్దది, నల్లగా ఉండేది. వాళ్లు పోయిన నెలే ఖాళీ చేసి వెళ్లిపోయారు. నేనే తొందరపడి చెప్పాను, క్షమించండి."

ఆయన చిరునవ్వు పోలేదుగానీ, కళ్లలో తడి మాత్రం ఆరిపోయింది. "మీ ఫ్రెండుకి పలక మీద రాసిందని చెప్పారట."

"ఆ పాపే రాసింది."

అప్పుడే ఆయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.  ఆయమ్మ నోరు ఊరుకునే నోరు కాదు. ఆయన మర్యాదగా ఫొటో ఆమె ముందు పెట్టాడు. "చూడమ్మా, ఈ పాప ఇక్కడ ఉందా?"

ఆయమ్మ ఫొటోని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. పక్కన బొద్దోడు రెండు వేళ్లనీ నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయమ్మ వాడినీ చూసింది, కింద పడున్న పెన్సిలునీ చూసింది.

"ఎవరో గొప్పింటి పిల్లలా ఉంది బాబూ" అంది ఫొటో తిరిగి ఇస్తూ. "మా దగ్గరంతా ముక్కు కారే సరుకే. ఇంత శుభ్రమైన మొహం వస్తే నేను ముద్దులతోనే అరగదీసేదాన్ని, గుర్తుండకపోవడమేంటి?" అని బొద్దోణ్ణి చంకనెత్తుకుని, లోపలి గది తలుపు వెనకనుంచి వేసేసుకుంది.

ఆయన ఫొటో జేబులో పెట్టుకున్నాడు. పెన్సిళ్ల పెట్టెలు బల్ల మీద వరసగా, అంచులు కలిసేలా సర్దాడు. "హెడ్ టీచరుగారు రేపు ఉంటారు కదా. ఆవిణ్ణి కూడా ఒకసారి కలిసి వెళ్తాను" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ తాడు మీది పేర్లన్నీ మరోసారి, తొందర లేకుండా, ఒక్కొక్కటే చదివాడు.

పెద్ద టీచరుకి ఫొటో చూపిస్తే చాలు. "మన గువ్వే కదూ" అనేస్తుంది.

సాయంత్రం దాకా చిన్న టీచరు కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. వీధిలో ఆగిన ప్రతి మనిషీ ఆయనలాగే కనిపించాడు. మిగతా పిల్లలందరూ వెళ్లిపోయాక వెనక తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఆమె ఎదురెళ్లి ఆ తల్లిని లోపలికి లాగి గడియ పెట్టింది.

"ఆయన వచ్చారు" అంది.

ఎవరని ఆమె అడగలేదు. గువ్వ ఎక్కడుందో కళ్లతో వెతికింది. ఆయమ్మ ఒళ్లో కూర్చుని జడ వేయించుకుంటోందని చూశాకే ఊపిరి వదిలింది.

"చూశాడా దీన్ని?"

"లేదు. లేదని చెప్పాను. నమ్మలేదు. రేపు పెద్ద టీచరు దగ్గరికి వస్తానన్నారు."

"ఎలా తెలిసింది ఆయనకి?"

చిన్న టీచరు తల దించుకోలేదు. దించుకుంటే తప్పించుకున్నట్టు ఉంటుందనిపించింది. "నేనే చెప్పించాను. మిమ్మల్ని అనుమానించాను."

ఆ తల్లి చీర మీది దారప్పోగొకటి లాగి, వేలికి చుట్టి, విప్పింది. "నన్ను అడగాల్సింది" అంది చివరికి.

"అడిగాను కదండీ."

"పోలీసులా అడిగారు."

ఆయమ్మ జడ చివర ముడి రెండోసారి విప్పి వేసింది.

"ఎక్కడికి వెళ్తారు?" అని అడగబోయి చిన్న టీచరు నాలుక కరుచుకుంది. గబగబా బల్ల దగ్గరికి వెళ్లి తెల్లకాగితాలు తీసింది. "పేరు మారుస్తారు కదూ. చెయ్యి అలవాటు పడకపోతే కొత్తచోట కూడా పాత పేరే రాసేస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. ఈ పూటనుంచే దిద్దిస్తే మంచిది. చెప్పండి, చుక్కలు పెట్టి ఇస్తాను. కావలసినన్ని పెట్టి ఇస్తాను." ఎర్ర పెన్సిలు అప్పుడే చేతిలోకి వచ్చేసింది.

ఆ తల్లి వచ్చి కాగితం మీద అరచెయ్యి పెట్టింది. సూదిపోట్ల గట్టి చెయ్యి.

"వద్దండీ" అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "మీకు తెలియకూడదు."

చిన్న టీచరు పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

"మీరు అటు వెళ్లండి. చుక్కలు పెట్టడం నాకూ వచ్చు."

ఆమె పొట్టి కుర్చీలో ఇరుకుగా కూర్చుని కాగితం మీదికి వంగింది. చిన్న టీచరు వెనక గుమ్మంలోకి వెళ్లి, సందు వైపు మొహం పెట్టి నిలబడింది. గది నిశ్శబ్దంగా ఉంది. బల్ల చెక్క మీద పెన్సిలు మొన ఆనుతున్న చప్పుడు టక్, టక్ మని స్పష్టంగా వినిపిస్తోంది. ఆమెది ఏళ్ల తరబడి అదే చప్పుడు విన్న చెవి. ఆ చప్పుడు గుండ్రంగా తిరిగిందో, కిందికి దిగిందో, ఎక్కడ ఆగి కొత్త అక్షరం మొదలైందో తెలిసిపోతోంది. ఒక అక్షరం అయిపోయింది. దేనితో మొదలయ్యే పేరో అప్పుడే సగం తోచేసింది.

ఆమె రెండడుగుల్లో కుళాయి దగ్గరికి వెళ్లి, కింద ఖాళీ రేకు బకెట్టు పెట్టి, పూర్తిగా తిప్పేసింది. నీళ్లు రేకు మీద దబదబా పడ్డాయి. బకెట్టు నిండింది, నీళ్లు పొర్లి ఆమె పాదాల మీంచి సందులోకి పారాయి. ఆమె కుళాయి కట్టలేదు.